ఆస్ట్రోస్ మైదానాల్లో గొప్పది ఇప్పుడు తాళం వేసి ఉంది

హ్యూస్టన్ ఆస్ట్రోస్ బేస్‌బాల్ జట్టు ఎన్ని స్టేడియాలు మార్చింది, వాటిలో ఏది గొప్పది అని అడిగారు. మూడు. గొప్పది రెండోది, ఆస్ట్రోడోమ్. ఇందులో నాతో వాదించకండి.

1962లో జట్టు పుట్టినప్పుడు కోల్ట్ స్టేడియంలో ఆడేవారు, నెత్తిన నీడ లేదు, పైగా దోమలు. ఆట మధ్యలో దోమల మందు చల్లేవారట! 1965లో పక్కనే ఏసీతో సహా మొత్తం కప్పేసిన ఆస్ట్రోడోమ్ తెరిచారు. అప్పుడు దాన్ని ప్రపంచంలో ఎనిమిదో వింత అన్నారు. పైకప్పుకు ఉన్న పారదర్శక పలకల్లోంచి ఎండ కళ్లలో పడి ఫీల్డర్లకు బంతి కనపడలేదు, సరే అని పలకలకు రంగు వేస్తే కింద గడ్డి చచ్చిపోయింది, దాంతో 1966లో ప్లాస్టిక్ గడ్డి పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు అలా వచ్చిందే. ఇంకో సంగతి, కప్పున్న స్టేడియంలో కూడా 1976 జూన్ 15న వానకు మ్యాచ్ రద్దయింది. లోపల చుక్క పడలేదు, ఊరంతా మునిగి అంపైర్లే రాలేకపోయారు. ఆటగాళ్లు మైదానంలోనే బల్లలు వేసుకుని భోంచేశారు.

మూడోది డౌన్‌టౌన్‌లో ఉంది, 2000లో తెరిచారు. పేరు మాత్రం అడగొద్దు. ముందు ఎన్రాన్ అనే ఇంధన కంపెనీ పేరు, అది దివాలా తీశాక పండ్లరసాల కంపెనీ మినిట్ మెయిడ్ పేరు, 2025 నుంచి డైకిన్. ఎండకు భయపడి స్టేడియాలు కట్టుకున్న ఊరికి చివరికి ఏసీ కంపెనీ పేరే దక్కింది, బాగుంది.

2019లో మా నాన్న వచ్చినప్పుడు అక్కడికే తీసుకెళ్లాను. కాజీపేటలో స్టేషన్ మాస్టర్‌గా రిటైరైన మనిషి. పార్కింగ్‌కి ఒకడు నలభై డాలర్లు గుంజాడు, అది కూడా అర మైలు దూరంలో, ఆ మంట నాకింకా తగ్గలేదు. గేటు దగ్గర మాత్రం నాన్న మొహం వెలిగింది, ఎందుకంటే ఆ స్టేడియం ముంగిలి 1911 నాటి యూనియన్ స్టేషన్. లోపల ఎడమవైపు గోడ మీద పట్టాలు, వాటి మీద నారింజపండ్లు నింపిన రైలు. మనవాళ్లు హోమ్ రన్ (మన క్రికెట్‌లో సిక్సర్ లాంటిది) కొడితే అది కదులుతుంది. ఇక ఆటెవరు చూస్తారు? కప్పు కూడా పట్టాల మీదే జరుగుతుందని చెప్పాక పూర్తిగా అటే చూస్తూ కూర్చున్నారు. ఏసీ చలికి తువ్వాలు చెవులకు చుట్టుకుని, "ఏందిరా, స్టేషన్ ఉంది, రైలుంది, ఇంతమంది జనం ఉన్నరు, బండి మాత్రం ఎటూ పోదు" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు కావాలనే 610 ఫ్రీవే మీదుగా తిప్పి ఆస్ట్రోడోమ్ చూపించాను. ఏళ్లుగా ఖాళీ. బాగుచేయడానికి బాండ్లతో అప్పు తెద్దామంటే 2013లో ఓటర్లు వద్దన్నారు, మరుసటి ఏడే దాన్ని చారిత్రక కట్టడాల జాబితాలో పెట్టారు. కూల్చడానికి మనసు రాదు, నిలబెట్టడానికి డబ్బు రాదు. "గింత కట్టి తాళమేసిన్రా?" అని నాన్న ఫోన్ తీశారు. ఫ్రీవే మీద ఆపలేను కదా, కదిలే కారులోంచే ఫొటో కొట్టారు. సగం గోపురం, సగం అద్దంలో నా మొహం. ఇప్పటికీ ఆయన వాట్సాప్ డీపీ అదే.