కొలరాడో నది కింద పొలం తడపని రైతుకు అమెరికా ప్రభుత్వం ఎందుకు డబ్బిస్తోంది?

ఆ నీళ్లపై రైతుకు చట్టబద్ధమైన హక్కుంది కాబట్టి. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ముందుగా వాడుకున్నవాడిదే మొదటి హక్కు. కరువొస్తే కోత ముందు కొత్త హక్కుదారులకే. కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయ లాంటి పాత ఆయకట్టు నుంచి నీళ్లు రావాలంటే ఒప్పించి కొనాల్సిందే.

అసలు చిక్కు కొలరాడో నీళ్లు పంచిన 1922 ఒప్పందంలో ఉంది. ఎగువ, దిగువ రాష్ట్రాలకు చెరో 75 లక్షల ఎకరా-అడుగులు (మన లెక్కలో సుమారు 327 టీఎంసీలు; ఎకరా-అడుగంటే ఎకరం పొలంలో అడుగు లోతు నిలిచే నీళ్లు) రాశారు. 1944 సంధితో మెక్సికోకు మరో 15 లక్షలు. ఆ లెక్కలకు ఆధారం వానలు బాగా పడిన ఏళ్లు. 2000 తర్వాత నదిలో సగటున అన్ని నీళ్లు రావడం లేదు.

2022 ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం కరువు పనులకు 400 కోట్ల డాలర్లిచ్చింది. దిగువ పరీవాహకంలో వాడకుండా వదిలిన నీటికి మొదటి విడత ధర ఎకరా-అడుగుకు ఏడాది ఒప్పందమైతే 330 డాలర్లు, రెండేళ్లకు 365, మూడేళ్లకు 400. అలా ఆదా చేసిన నీరు నదిపై ఉన్న మీడ్ జలాశయంలోనే ఉండాలి.

పొరపాటు జరిగేది కొలతలో. కాలువ నుంచి తీసుకున్నదంతా ఆదా కాదు. పొలం నుంచి తిరిగి నదిలో కలిసేది తీసేసి, నికరంగా ఖర్చయ్యేదే లెక్కించాలి. ఇంపీరియల్ లోయ పొలాల నుంచి పారే నీరు నదికి చేరదు, సాల్టన్ సరస్సుకు పోతుంది. అక్కడ తడి తగ్గితే సరస్సు అడుగు బయటపడి దుమ్ము లేస్తుంది, చుట్టుపక్కల పిల్లల ఊపిరికి ముప్పు. పైగా డబ్బు హక్కుదారుకే అందుతుంది, పని పోయిన కూలీకి కాదు. నా దృష్టిలో ఈ పథకంలో పెద్ద లోటు ఇదే.