థీమ్ పార్క్‌కి వెళ్తున్నారా? మీ ప్రశ్నలు, నా జవాబులు

సెలవులు దగ్గరపడుతున్నకొద్దీ నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం థీమ్ పార్కుల గురించే. నేను చాలా ఏళ్లు రోలర్ కోస్టర్ ప్లాట్‌ఫామ్ మీద ఆపరేటర్‌గా పనిచేశాను. గంటన్నర నిలబడి సీటు దాకా వచ్చేసరికి పిల్లల ముఖాలు వాడిపోయి ఉండటం రోజూ చూసేదాన్ని. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, పోయినసారి రోజంతా తిరిగి నాలుగు రైడ్లు మాత్రమే ఎక్కగలిగాం. టికెట్ డబ్బులు తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంది. ఈసారి ఇద్దరు పిల్లలతో, మా అత్తగారితో వెళ్తున్నాం. క్యూలు తప్పించుకునే దారి ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా. ముందు ఆ క్యూ ఎందుకు వస్తుందో చెబుతాను. 1955లో డిస్నీల్యాండ్ తెరిచిన కొత్తలో ఒక్కో రైడ్‌కి విడిగా డబ్బు కట్టాల్సి వచ్చేది. కొన్నాళ్లకే ఎ, బి, సి అని అక్షరాలు వేసిన కూపన్ల పుస్తకాలు వచ్చాయి. మంచి రైడ్‌కి ఖరీదైన కూపన్ చింపి ఇవ్వాలి. 1982లో ఆ పద్ధతి ఆపేశారు. ఇప్పుడు చాలా పెద్ద పార్కుల్లో గేటు దగ్గర ఒకసారి కడితే సరిపోతుంది, లోపల ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. ఎక్కడానికి డబ్బు అడ్డం కానప్పుడు అందరూ ఆ నాలుగైదు పేరున్న రైడ్ల మీదే పడతారు. ఇక అడ్డం పడేది సమయమే. కాబట్టి టికెట్ ఎంతకు వచ్చిందన్నదాంతో ఆగిపోకుండా, దాన్ని ఎక్కిన రైడ్లతో భాగించి చూసుకోండి. అదే టికెట్‌తో నాలుగుకి బదులు పది ఎక్కితే ఒక్కోటి సగం కంటే తక్కువకు పడినట్టే.

ఇప్పుడు అసలు సంగతి. క్యూ పొడవు చూసి బెదిరిపోకండి. అది ఎంత త్వరగా కదులుతోందో చూడండి. మా ప్లాట్‌ఫామ్ మీద రైలుకి 24 సీట్లు. రైలు వచ్చి ఆగగానే దిగేవాళ్లు ఒక పక్క దిగుతారు, ఎక్కేవాళ్లు రెండో పక్క నుంచి వస్తారు. అందరూ కూర్చున్నాక మేం ఇద్దరం చెరో వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ సీటులో పట్టి ఉంచే బార్‌ని (అడ్డ కమ్మీని) కిందికి నొక్కి, మళ్లీ పైకి లాగి చూస్తాం. బెల్టు పట్టి గుంజి చూస్తాం. చివరి వరస దాటాక ఇద్దరం బొటనవేలు పైకెత్తి చూపితేనే ప్యానెల్ దగ్గరున్న మనిషి బటన్ నొక్కుతాడు. అంతా సవ్యంగా సాగితే రెండు నిమిషాలకో రైలు వెళ్తుంది. అంటే గంటకు 30 రైళ్లు, 720 మంది. రెండో రైలు కూడా పట్టాల మీదికి తెచ్చి నిమిషానికొకటి పంపగలిగితే 1,440 మంది. మధ్యలో ఎవరైనా జేబులో ఫోన్ ఉండిపోయిందంటూ దిగారా, లెక్కంతా అక్కడే కుంటుపడుతుంది.

మీ ముందు 360 మంది ఉన్నారనుకోండి. ఒకే రైలు తిరిగే రోజున అరగంట ఆగాలి, రెండు రైళ్లు తిరిగే రోజున పావుగంట చాలు. కంటికి మాత్రం రెండు క్యూలూ ఒకేలా కనిపిస్తాయి. క్యూల లెక్కకు ఆధారమైన సూత్రాన్ని జాన్ లిటిల్ అనే అమెరికా ప్రొఫెసర్ 1961లో గణితంతో రుజువు చేశారు. మనకు పనికొచ్చే ముక్క ఇదే: ముందున్న జనాన్ని, గంటకు ఎక్కేవాళ్ల సంఖ్యతో భాగిస్తే మీరు ఎంతసేపు ఆగాలో వస్తుంది. కాబట్టి క్యూలోకి దూరే ముందు రెండు రైళ్లు వెళ్లేదాకా బయటే నిలబడి చూడండి. వాటి మధ్య ఎంతసేపు పట్టింది, ఎన్ని సీట్లు ఖాళీగా పోయాయి, పట్టాల మీద ఎన్ని రైళ్లు తిరుగుతున్నాయి, ఈ మూడూ గమనించండి.

కొన్ని రైడ్లలో బండ్లు ఆగకుండా వరుసగా కదులుతూనే ఉంటాయి. మనమే కదిలే పట్టీ మీద అడుగేసి ఎక్కాలి. డిస్నీల్యాండ్‌లో 1969 నుంచి నడుస్తున్న హాంటెడ్ మాన్షన్ అనే దెయ్యాల కొంప రైడ్ ఆ రకమే. ఇలాంటివి గంటకు రెండు వేలకు పైగా జనాన్ని మోయగలవు. క్యూ గుమ్మం దాటి బయటికి వచ్చినా భయం లేదు, మధ్యాహ్నం ఎక్కొచ్చు. చిన్నపిల్లల కోసం పెట్టే ఎగిరే బొమ్మల రైడ్లు దీనికి పూర్తిగా తలకిందులు. డిస్నీ పార్కుల్లో ఎగిరే ఏనుగు బొమ్మల డంబో రైడ్‌నే చూడండి. 16 ఏనుగులు, ఒక్కోదాంట్లో ఇద్దరు, మొత్తం 32 మంది. అందరూ దిగాలి, అందరూ ఎక్కాలి, తల్లులు పిల్లల బెల్టులు పెట్టాలి, ఆ తర్వాతే తిరుగుతుంది. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఈ తిప్పలు పడలేక 2012లో పక్కనే అలాంటిదే రెండోది కూడా కట్టారు. క్యూ చిన్నగా ఉంది కదా తర్వాత చూద్దాంలే అనుకుంటే మోసపోయేది ఇలాంటి రైడ్ దగ్గరే.

అందుకని మీరు చేయాల్సింది ఏమిటంటే, గేటు తెరవడానికి అరగంట ముందే అక్కడ ఉండండి. టికెట్లు ఇంటి దగ్గరే కొని ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి. బ్యాగులు తగ్గించండి, సెక్యూరిటీ దగ్గరే చాలామందికి పావుగంట పోతుంది. లోపలికి అడుగుపెట్టగానే ఫొటోలకు ఆగొద్దు, సాయంత్రం వెలుతురులో ఇంకా బాగా వస్తాయి. జనం ఎక్కువగా ఎగబడేవాటిలో క్యూ నెమ్మదిగా కదిలే రైడ్ ఏదో ముందే చూసుకుని నేరుగా దాని దగ్గరికే వెళ్లండి. మొదటి గంటన్నరలో అలాంటివి రెండు మూడు అయిపోతే మీ రోజు నిలబడ్డట్టే. పదకొండు నుంచి నాలుగు దాకా షోలు, భోజనం, ఆగకుండా తిరిగే రైడ్లు పెట్టుకోండి. షోలకు కూర్చునే చోటు ఉంటుంది కాబట్టి మీ అత్తగారికీ కాళ్లు నొప్పి పుట్టవు.

ప్రశ్న: ఫాస్ట్ పాస్ కొంటే నిజంగా గిట్టుబాటు అవుతుందా? టికెట్ మీద మళ్లీ అంత డబ్బు పెట్టడానికి మనసు ఒప్పడం లేదు.
– ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: మీ మనసు ఒప్పకపోవడంలో న్యాయం ఉంది. మామూలు క్యూలో కాకుండా వేరే చిన్న క్యూలోంచి త్వరగా ఎక్కనిచ్చే ఈ ఫాస్ట్ పాస్‌ని 1999లో డిస్నీ మొదలుపెట్టినప్పుడు అది ఉచితం. తర్వాతి కాలంలో పార్కులు దీన్ని అమ్మకపు సరుకు చేశాయి. డిస్నీ కూడా 2021లో అమెరికా పార్కుల్లో ఉచిత పాస్‌ని తీసేసి డబ్బులకు అమ్మే పద్ధతి తెచ్చింది. నాకు ఇది బాధ కలిగించే విషయం. ఎందుకో చెబుతాను. రెండు క్యూలు కలిసే చోట ఒక ఉద్యోగి నిలబడి ఉంటాడు. పాస్ ఉన్నవాళ్లను ఎక్కువమందిని వదిలి, మామూలు క్యూ నుంచి కొద్దిమందినే వదలమని అతనికి చెబుతారు. రైలులో సీట్లు పెరగవు కదా! పాస్ వాళ్లకు మిగిలిన సమయం మామూలు క్యూలో పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డవాళ్ల దగ్గర నుంచి వచ్చిందే.

ఇక మీ లెక్క. చాలా పార్కులకు యాప్ ఉంది, అందులో ఏ రైడ్‌కి ఎంతసేపు ఆగాలో కనిపిస్తుంది. మీరు వెళ్లే వారానికి ముందు వారం, అదే రోజున, ఇంట్లో కూర్చునే మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. మీకు కావాల్సిన రైడ్లన్నీ కలిపి రెండు గంటల లోపే చూపిస్తే పాస్ అక్కర్లేదు, పొద్దున్నే వెళ్తే చాలు. పండగ సెలవు రోజునే వెళ్లక తప్పదు, మళ్లీ రావడం కుదరదు అనుకుంటే కొనండి, తప్పు లేదు. కొనేముందు రెండు అడగండి: మీకు కావాల్సిన రైడ్ ఆ పాస్‌లో ఉందా, ఒక్కో రైడ్‌కి ఒకసారేనా లేక ఎన్నిసార్లయినా వాడుకోవచ్చా? పెద్ద రైడ్‌ని ఆ పాస్‌లో కలపకుండా విడిగా అమ్మే చోట్లు ఉన్నాయి.

ప్రశ్న: సీజన్ కాని రోజుల్లో టికెట్ చవగ్గా దొరుకుతోంది. అప్పుడు వెళ్తే క్యూ కూడా ఉండదు కదా?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: టికెట్ చవకే, క్యూ గురించి మాత్రం హామీ లేదు బాబూ. జనం తక్కువ వచ్చే రోజుల్లో పార్కులు రైళ్లనూ తగ్గిస్తాయి. రెండు రైళ్లు తిరిగే చోట ఒకటే తిరుగుతుంది, ఉద్యోగులు కూడా సగమే ఉంటారు. జనం సగమైనా, మోసే సామర్థ్యమూ సగమైతే మీరు నిలబడే సమయం మారదు. పెద్ద మరమ్మతులు కూడా ఆ రోజులకే పెట్టుకుంటారు. వెబ్‌సైట్‌లో ఏ రైడ్లు మూసి ఉంటాయో చూశాకే టికెట్ కొనండి. మీరు ఆశపడిన రైడ్ మూసి ఉంటే తగ్గింపు ఎంత ఇచ్చినా దండగే.

నన్నడిగితే బడులు నడుస్తున్న రోజుల్లో మంగళ, బుధ, గురువారాలు మంచివి. స్కూలు బస్సులు వచ్చినా కంగారుపడకండి. ఆ పిల్లల్ని మధ్యాహ్నం దాటగానే లెక్కపెట్టుకుని తిరిగి తీసుకెళ్లిపోతారు. ఆ తర్వాత పార్కు ఖాళీ అవుతుంది. మీ స్నేహితులు ఇద్దరు ముగ్గురే అయితే సింగిల్ రైడర్ లైన్ ఉందేమో అడగండి. జతలుగా కూర్చున్నాక మిగిలే ఒంటరి సీట్లు నింపడానికి పెట్టిన లైన్ అది. పక్కపక్కన కూర్చోలేరు గానీ, చాలాసార్లు సగం సమయంలోనే ఎక్కేస్తారు.

ప్రశ్న: గేటు దాటగానే అందరూ కుడివైపు వెళ్తారట, మనం ఎడమవైపు వెళ్తే ఖాళీగా ఉంటుందట. నిజమేనా?

జవాబు: దీన్ని నమ్ముకోకండి. జనం ఎటు వెళ్తారన్నది పెద్ద రైడ్ ఎటు ఉందన్నదాని మీదే ఉంటుంది. ముందురోజు మ్యాప్ చూసుకుని వెళ్లండి.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు, పాపకి రెండేళ్లు. బాబుని ఎక్కిస్తారో లేదో అని టెన్షన్. పాపని వదిలి మేమిద్దరం ఎక్కడం ఎలాగో కూడా తెలియడం లేదు.
– ఒక తల్లి

జవాబు: వయసు చూసేది తక్కువ, ఎత్తు చూసేదే ఎక్కువ. పెద్ద కోస్టర్లలో చాలావాటికి 122 సెంటీమీటర్లు, ఓ మాదిరి వాటికి 102 సెంటీమీటర్లు పెడతారు. ప్రతి రైడ్ ఎత్తూ పార్కు వెబ్‌సైట్‌లో ఉంటుంది. బాబుని ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలవండి. ఒక్క సెంటీమీటరు తక్కువున్నా ఎక్కించరు, ఎంత బతిమాలినా లాభం లేదు. ఆ బార్ ఆ ఎత్తు ఒంటికి సరిపడేలా తయారైంది. గంటసేపు నిలబడ్డ పిల్లాణ్ణి కొలబద్ద దగ్గర వెనక్కి పంపడం నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించిన పని. దయచేసి ఆ పరిస్థితి రానివ్వకండి. ఎక్కలేని రైడ్ల పేర్లు ముందురోజే బాబుకి చెప్పేయండి.

పాప సంగతికి చక్కటి ఏర్పాటు ఉంది. రైడర్ స్వాప్ అనో, పేరెంట్ స్వాప్ అనో అంటారు. క్యూ మొదట్లో ఉన్న ఉద్యోగికి పాపని చూపించి అడగండి. ఒకరు ఎక్కి వచ్చేదాకా ఇంకొకరు పాపతో ఉంటారు, తర్వాత రెండోవాళ్లు మళ్లీ క్యూ మొత్తం నిలబడకుండానే ఎక్కుతారు. చాలా చోట్ల రెండోవాళ్లతో ఇంకొకర్ని కూడా పంపుతారు, అంటే బాబు రెండుసార్లు ఎక్కొచ్చు. దీనికి డబ్బులు తీసుకోరు. అడగనివాళ్లకు ఎవరూ చెప్పరు కూడా, అడగాలి.

క్యూలో నిలబడ్డప్పుడు పిల్లలకు ఏదో ఒక పని కల్పించండి. ఖాళీగా గడిపే సమయం, ఎంతసేపో తెలియని సమయం ఎక్కువగా అనిపిస్తాయని, క్యూలో నిలబడేవాళ్ల మనస్తత్వం గురించిన వ్యాసంలో డేవిడ్ మైస్టర్ అనే ప్రొఫెసర్ 1985లోనే రాశారు. ఇప్పుడు వెళ్లే రైలు ఏ రంగుదో, ఎన్ని రైళ్ల తర్వాత మన వంతో వాళ్లచేతే లెక్కపెట్టించండి.

ప్రశ్న: టికెట్ కంటే లోపలి ఖర్చే ఎక్కువైపోతోంది. ఎక్కడ తగ్గించుకోవాలి?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: ముందు నీళ్లు. ఖాళీ సీసా తీసుకెళ్తే చాలా పార్కుల్లో ఉచితంగా నింపుకోవచ్చు. బయటి తిండి రానివ్వకపోతే, చేతి మీద ముద్ర వేయించుకుని బయటికి వెళ్లి తిని మళ్లీ రావచ్చేమో కనుక్కోండి. లోపలే తినాలనుకుంటే పదకొండుకో, రెండున్నర తర్వాతో తినండి. ధర అదే అయినా అక్కడి క్యూ తప్పుతుంది. లాకర్లు కొన్ని చోట్ల రైడ్ రైడ్‌కీ విడిగా డబ్బు లాగుతాయి. జిప్పున్న జేబులో పట్టేంత వస్తువులే తీసుకెళ్లండి, లేదా ఎక్కని మనిషి చేతికి ఇవ్వండి. మనవళ్లకు బొమ్మలు కొనాలంటే పొద్దున్నే ఇంత అని వాళ్ల చేతిలో పెట్టేయండి, కొనడం మాత్రం సాయంత్రం. పొద్దున కొంటే రోజంతా మోయాల్సింది మీరే.

ఏడాదిలో రెండుసార్లు వెళ్లే ఆలోచన ఉంటే సీజన్ పాస్ ధర చూడండి. పార్కింగ్, తిండి మీద తగ్గింపు కలిపి లెక్కేయండి. అది చెల్లని తేదీల జాబితా చదివాకే డబ్బు కట్టండి. ఎవరో సగం ధరకే టికెట్ ఇస్తామని మెసేజ్ పెడితే కొనకండి. వాడేసిన టికెట్ అని గేటు దగ్గర తేలితే మీకు దిక్కుండదు.

ప్రశ్న: మధ్యలో వాన వస్తే వెనక్కి వచ్చేయాలా?

జవాబు: వద్దు. మెరుపులుంటే బయటి రైడ్లు ఆపేస్తారు, జనం సగం మంది ఇంటిదారి పడతారు. మీరు లోపలి షోలో కూర్చుని, వాన తగ్గగానే పెద్ద రైడ్ దగ్గరికి వెళ్లండి. పట్టాలు చూసుకుని, ఖాళీ రైలు ఒకటి రెండు సార్లు పంపి, ఆ తర్వాత మనుషుల్ని ఎక్కిస్తాం. ఆ సమయానికి అక్కడున్నవాళ్లకు క్యూ అంటూ ఉండదు. మూసే వేళ కూడా అంతే. చాలా పార్కుల్లో మూసే సమయానికి క్యూలో ఉన్న అందర్నీ ఎక్కిస్తారు, కాబట్టి మీకు బాగా నచ్చిన రైడ్ క్యూలోకి ఆఖరి పది నిమిషాల్లో వెళ్లండి. ఇంటికి బస్సు మీద వెళ్లేవాళ్లు మాత్రం ఆఖరి బస్సు టైం కనుక్కున్నాకే ఆ పని చేయండి.