తాళం గుర్తుంటే నమ్మేయొచ్చా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అపార్ట్‌మెంట్‌లోని ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ప్రాజెక్టు అంటే చాలు, నెట్‌లో మొదట కనబడింది దించేస్తారు. అడిగితే "సైట్ అడ్రస్ పక్కన తాళం గుర్తుంది కదా మేడమ్" అంటారు. ఏది నమ్మాలో ఎలా నేర్పను?

జవాబు: ఆ తాళంతోనే మొదలుపెట్టండి మేడమ్. మన ఫోన్‌కీ ఆ సైట్‌కీ మధ్య నడిచే సమాచారం దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దానర్థం, అక్కడ రాసింది నిజమని కాదు. సైట్ పేరు చివర డాట్ ఆర్గ్ ఉందని నమ్మేయడానికీ లేదు, డబ్బు కడితే అదీ ఎవరికైనా ఇస్తారు.

తర్వాత చెట్టు ఆక్టోపస్ సైట్ చూపించండి. అమెరికా అడవుల్లో చెట్లెక్కే ఆక్టోపస్ ఉందంటూ 1998లో కల్పించి పెట్టిన సైట్ అది, ఫొటోలు, శాస్త్రీయ నామం, దాన్ని కాపాడండనే విజ్ఞప్తి, అన్నీ ఉంటాయి. ఆ పేజీలోనే తిరుగుతూ ఉంటే నమ్మేస్తారు, అదే వేరే ట్యాబ్‌లో దాని పేరు కొడితే క్షణాల్లో గుట్టు బయటపడుతుంది. నిజానిజాలు తేల్చే ఫ్యాక్ట్ చెకర్లు చేసేదీ ఇదేనని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు గమనించారు: సైట్‌లోనే కూర్చోకుండా బయటికొచ్చి, దాన్ని నడిపేదెవరో ముందు వెతుకుతారు.

ఆపైన మీ ఊరిదే ఒకటివ్వండి. బెంగళూరు ఎప్పటిది? "కెంపేగౌడ కట్టించాడు, 1537" అని పది సైట్లు తెస్తారు, అవి ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవి కావచ్చు. బేగూరు నాగేశ్వరాలయం దగ్గర సుమారు 890 నాటి శాసనంలోనే బెంగళూరు పేరుందని చెప్పి మళ్లీ వెతకమనండి, వీలైతే ఒక ఆదివారం అక్కడికే తీసుకెళ్లండి. జవాబుకే కాదు, ఎక్కడెక్కడ వెతికారో రాసినదానికీ మార్కులు వేయండి.