కొండవీడు ఆటలో కత్తి దెబ్బ తగలట్లేదంటే

గుంటూరులో నలుగురు కలిసి, తలా ఒక పాత్ర వేస్తూ పాచికలతో కథ నడిపే ఆటల రూల్స్ సిస్టమ్ అయిన గర్ప్స్‌తో కొండవీడు రెడ్డిరాజుల కాలం కథ మొదలుపెట్టామని, రెండు ఆదివారాలైనా ఒక్క పోరు తేలలేదని, సిస్టమే మార్చేద్దామా అని అడిగారు. మార్చకండి.

మీ భటుడి కత్తి నైపుణ్యం 10 అని రాశారు. తేడా అక్కడే ఉంది. ఇందులో మూడు పాచికల మొత్తం నైపుణ్యం అంకెకు సమానంగా గానీ, తక్కువగా గానీ రావాలి. 10కి అవకాశం సరిగ్గా సగం. 12కి సుమారు 74 శాతం, 14కి 90 దాటుతుంది. మూడు పాచికలు వేస్తే మొత్తాలు 10, 11 దగ్గరే గుమిగూడతాయి, అందుకే అక్కడ ఒక్క అంకె పెరిగినా బోలెడు తేడా. పైగా గురి కుదిరినా ఎదుటివాడికి తప్పించుకునే వంతు ఉంటుంది. కాబట్టి యోధులకు 14 ఇవ్వండి. అప్పుడు తన గురిలో 4 తగ్గించుకుని మాయదెబ్బ (డిసెప్టివ్ అటాక్) కొడితే, ఎదుటివాడి రక్షణ 2 తగ్గుతుంది. పోరు చకచకా తేలుతుంది.

బెజవాడలో మా బ్యాచ్ కూడా మొదట్లో మెట్లెక్కడానికి సైతం పాచికలు వేసింది! మామూలు పనులకు అవసరం లేదండి.

2004 నాటి నాలుగో ఎడిషన్ రెండు లావుపాటి పుస్తకాలు. విస్తట్లో వడ్డించినవన్నీ తినాలని లేదుగా. ఉచితంగా దొరికే 32 పేజీల కుదించిన రూల్స్ పుస్తకం గర్ప్స్ లైట్‌తో నడిపించండి, మాయదెబ్బ రూల్ ఒక్కటి పెద్ద పుస్తకం నుంచి తెచ్చుకుంటే సరి.