పాలపిట్ట ఆకారంలో బాస్ గిటార్ బాడీ చేయించాలంటే ముందు ఏం చూసుకోవాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న మొత్తం చదివాను. ఉండేది మిర్యాలగూడ, చర్చిలో బాస్ వాయిస్తావు, పాత బాస్ నెక్ (వేళ్లు నొక్కే పొడవాటి భాగం) ఒకటి చేతిలో ఉంది, రెక్కలు చాపిన పాలపిట్ట బొమ్మ గీసి పెట్టుకున్నావు. ఇంట్లో విప్పిన పాత టేకు దర్వాజ కట్టెతో బాడీ చేయించొచ్చా అని అడిగావు. చేయించొచ్చు. నేను నల్గొండలో దర్వాజలు, కిటికీలు చేసే వడ్రంగి దగ్గరే నా బాస్ బాడీ చేయించుకున్నాను, ఇప్పటికీ దాన్నే వాయిస్తున్నాను. కాకపోతే ఆ బొమ్మను కొన్నాళ్లు పక్కన పెట్టు. కొలతలు తేలాకే పిట్ట.

పెద్ద కాగితం మీద ముందు ఒక నిలువు గీత గియ్యి. నెక్ మధ్య నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు కట్టే చోటు) మధ్య దాకా పోయే గీత అది, మిగతావన్నీ దాన్నుంచే కొలవాలి. మామూలు బాస్‌కి నట్ (నెక్ పై కొసన తీగలు ఆనే పట్టీ) నుంచి శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) దాకా 34 అంగుళాలు, అంటే 864 మిల్లీమీటర్లు. 12వ ఫ్రెట్ (నెక్ మీది అడ్డపట్టీ) అందులో సరిగ్గా సగం దగ్గర, 432లో ఉంటుంది. షార్ట్ స్కేల్ నెక్ అయితే మొత్తం 30 అంగుళాలే ఉంటుంది. కాబట్టి నీ నెక్ మీద నట్ నుంచి 12వ ఫ్రెట్ దాకా నువ్వే కొలిచి రెట్టింపు చేసుకో. సన్న తీగ శాడిల్‌ని బాగా ముందుకు జరిపి ఆ దూరంలో నిలబెట్టు. మందపు తీగలకు శాడిల్ ఇంకాస్త వెనక్కి పోవాల్సి వస్తుంది, ఆ చోటు మిగలాలి.

ఇక బెల్టు సంగతి. బాస్ తయారీలో జనం ఎక్కువగా వదిలేసేది ఇదే. పొడవైన నెక్, దాని చివర తీగలు బిగించే నాలుగు బరువైన ట్యూనర్లు. పైవైపు స్ట్రాప్ బటన్ (బెల్టు తగిలించే గుండీ) వెనక్కి ఉంటే, చెయ్యి వదలగానే నెక్ నేల చూస్తుంది. ఆరాధన అయ్యేదాకా ఎడమ చెయ్యి నెక్‌ని మోస్తూనే ఉండాలి, ఇంక వేళ్లు ఎక్కడ కదులుతాయి? ఫెండర్ వాళ్లు 1951లో ప్రెసిషన్ బాస్ తెచ్చినప్పుడు బాడీ పై కొమ్మును అంత ముందుకు సాగదీసింది ఇందుకే. ఆ బటన్ దాదాపు 12వ ఫ్రెట్ వరసలోకి వస్తుంది. 1963లో వచ్చిన గిబ్సన్ థండర్‌బర్డ్ బాస్ చూడ్డానికి దానికంటే అందంగా ఉంటుందంటాను, కానీ నెక్ వాలుతుందన్న పేరు దానికి నేటికీ పోలేదు.

నీ పిట్టకు పనికొచ్చే మాట ఇక్కడుంది. తల నెక్ వైపు పెట్టి రెక్కలు రెండూ అడ్డంగా చాపితే బాడీ వెడల్పవుతుంది, బటన్ మాత్రం వెనకే ఉండిపోతుంది. పై రెక్కను ముందుకు, 12వ ఫ్రెట్ దాకా లాగు. ఎగిరే పిట్ట రెక్క విసిరినట్టు కనిపిస్తుంది, బరువూ నిలుస్తుంది. కింది రెక్కను ముడిచెయ్యి, లేకపోతే చివరి ఫ్రెట్లకు చెయ్యి అందదు. తోక బ్రిడ్జ్ వెనక ఎలాగూ సరిపోతుంది. ఈకల కొసలు సన్నగా, వాడిగా గియ్యకు. చెక్క నార నెక్ వెంట నిలువుగా పోతుంది. దానికి అడ్డంగా పొడుచుకొచ్చిన కొస ఒక్కసారి గోడకు తగిలితే టక్కున విరుగుతుంది.

కింది అంచున తొడ మీద ఆనేందుకు నడుము వంపు తప్పనిసరి. 1958 నాటి ఫ్లయింగ్ వి, అదే గిబ్సన్ వాళ్ల V ఆకారపు గిటార్, స్టేజీ మీద అదిరిపోతుంది గానీ, కూర్చుని వాయించబోతే జారుతుంది.

గీసింది పనిచేస్తుందో లేదో చెక్క కోయకముందే తెలుసుకోవచ్చు. పాత ప్లైవుడ్‌ని ఆ ఆకారంలో కోయించి, నెక్ బిగించి, బ్రిడ్జ్ చోట ఇసుక సంచి కట్టు. అసలు బాడీ, బ్రిడ్జ్ కలిపి ఎంత తూగుతాయో మొత్తం అంతే తూగాలి. బెల్టు తగిలించుకుని పాటల వరస మొత్తం నిలబడు, మధ్యమధ్య రెండు చేతులూ వదిలి చూడు. నెక్ వాలితే రెక్కను ఇంకా ముందుకు జరపాలి.

టేకు గురించి. చెక్క మంచిదే, ఏళ్ల తరబడి ఆరింది కాబట్టి మన ఎండలకు పగలదు. బరువే చిక్కు. బాస్ బాడీకి సుమారు 5 లీటర్ల ఘనపరిమాణం అనుకో: టేకు అయితే మూడు కిలోలు దాటుతుంది, గుమ్మడి టేకు (పేరుకే టేకు, తేలికైన వేరే చెక్క) అయితే రెండుంబావు దగ్గర తేలుతుంది. మా వడ్రంగి టేకే పెట్టమని పట్టుబట్టాడు, గుమ్మడి టేకు ఏంటి సార్ అని నవ్వాడు కూడా. నేను గుమ్మడి టేకే పెట్టించాను, నా భుజానికి నచ్చింది. ఇంటి దర్వాజ అన్న మమకారం ఉంటే టేకే వాడు, కానీ లోపల అక్కడక్కడ గుల్ల చేయించు. కోయించే ముందు అయస్కాంతం పెట్టి మేకులు వెతుకు. ఒక్క మేకు తగిలినా రౌటర్ (చెక్కలో గుంతలు తీసే మిషన్) బిట్ పోతుంది, ఆపైన వడ్రంగితో మాటలు పడాలి. చౌకట్టు కట్టె వెడల్పు చాలదు, ముక్కలు అతికించాల్సిందే. టేకులో నూనె ఉంటుంది, ఫెవికాల్ రాసే ముందు అతుకులను థిన్నర్‌తో తుడవాలి. మామిడి చెక్క చవక అని ఎవరైనా అంటే పోకు, పురుగు పడుతుంది.

వడ్రంగికి కాగితం మీద అంకెలు ఇచ్చి వచ్చేయకు. వాళ్ల లెక్క సూత్‌లలో నడుస్తుంది. ఒక సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అటూ ఇటూ మూడు మిల్లీమీటర్లు. దర్వాజకు అది చాలు. నెక్ కూర్చునే గుంతలో అర మిల్లీమీటరు వదులున్నా నెక్ పక్కకు జరిగి, అంచు తీగ ఫ్రెట్ల మీద నుంచి జారిపోతుంది. అందుకే నెక్‌నే తీసుకెళ్లి ఇవ్వు. నేను చేసిందైతే, పూజగది తలుపులకు డిజైన్లు కోసే సీఎన్‌సీ షాపులో ఎండీఎఫ్ (చెక్కపొడి పలక) టెంప్లేట్, అంటే అచ్చు, కోయించి, దాన్ని చెక్కకు బిగించి ఆ అచ్చు అంచు వెంటే తిరిగే బేరింగ్ బిట్‌తో రౌటర్ తిప్పించాను. బాడీ మందం 45 మిల్లీమీటర్లు, గుంత లోతు 16 దాకా. ఆఖరి పిసరు మాత్రం ఉలితో, నెక్ పెట్టి తీస్తూ, పక్కనే కూర్చుని తీయించాను. ఆ పని దగ్గర ఆయన చెయ్యి చూడాలి, సూత్‌ల లెక్క ఎక్కడికో పోయింది.

రంగు కార్లకు పెయింట్ వేసే షెడ్డులో వేయించు, ఆ నీలం వాళ్ల దగ్గరే బాగా వస్తుంది. చూసేవాళ్లకు పాలపిట్ట తెలిసేది ఆ రంగుతోనే, కాబట్టి ఆకారంలో ఈకలన్నీ చూపించే తాపత్రయం వద్దు. రంగుకు ముందే తీగలెక్కించి ఒకటి రెండు ఆదివారాలు వాయించు. మోచెయ్యి దగ్గర, పొట్ట దగ్గర అంచు గుచ్చుకుంటే ఉప్పు కాగితంతో అప్పుడే సరిచేయొచ్చు. బ్రిడ్జ్ కింద నుంచి కంట్రోల్ గుంతలోకి (నాబ్‌లు, వైర్లు ఉండే చోటు) ఎర్త్ వైరుకు సన్న రంధ్రం కూడా అప్పుడే వేయించు, లేదంటే యాంప్‌లో గుయ్యిమనే మోత తగ్గదు.