ఎంత క్లోరిన్ వేసినా పూల్‌లో నిలవట్లేదు, నీళ్ళు పచ్చబడుతున్నాయి. మందు మార్చాలా?

మార్చాలి. అయితే కొత్త మందు కొనేలోపు ఒక రాత్రి నిద్ర మానుకోండి. ఎందుకో చెబుతాను.

మాది బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంట్. ఇంటి నుంచి పని చేస్తాను కాబట్టి "మీరు ఖాళీయే కదండీ" అని కమిటీలో పూల్ బాధ్యత నాకు అంటగట్టారు. ఇంట్లో కూర్చున్నవాడు ఖాళీగా ఉంటాడని ఎవరు కనిపెట్టారో గానీ, రెండేళ్ళు వదల్లేదు. పూల్ 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు. అంటే దాదాపు 86,000 లీటర్లు.

2024 ఎండాకాలం ఇక్కడ నీళ్ళకి ఎంత కటకటలాడామో గుర్తుందిగా. మార్చిలో నీటి బోర్డు స్విమ్మింగ్ పూల్స్‌కి తాగునీళ్ళు వాడకూడదంది, వాడితే 5,000 జరిమానా. మేం బుద్ధిగా ఉన్న నీళ్ళనే కాపాడుకుందాం అనుకున్నాం. ఫిల్టర్‌కి బ్యాక్‌వాష్ (నీళ్ళని వెనక్కి తిప్పి పంపి లోపలి మురికి కడగడం) చేస్తే నీళ్ళు పోతాయని అదీ ఆపేశాం. కరెంటు బిల్లు తగ్గుతుందని మోటార్ రెండు గంటలకి కుదించాం. బదులుగా రోజూ సాయంత్రం 300 గ్రాముల టీసీసీఏ 90 పొడి, అంటే పూల్స్‌లో వాడే ఒక రకం క్లోరిన్ మందు. జూన్‌కల్లా గోడలు జారుడు పట్టి, నీళ్ళు పెసరకట్టు రంగుకి వచ్చాయి.

మందులు అమ్మే అతను వచ్చి చూసి, పాచి మందని నీలం ద్రవం డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. మూత తీయగానే ఆ రంగు గుర్తుపట్టాను. మా నాన్న అనంతపురంలో బత్తాయి చెట్లకి బోర్డో మిశ్రమం కలిపేవారు. అదే మైలుతుత్తం నీలం, అంటే రాగి! రాగి పాచిని కొంత అణుస్తుంది, నిజమే. కానీ క్లోరిన్ ఎందుకు పనిచేయట్లేదో అది చెప్పదు. పైగా ఎక్కువైతే గోడలకి మరకలు, పిల్లల జుట్టుకి పచ్చ ఛాయ. జుట్టు పచ్చబడేది క్లోరిన్ వల్ల కాదు, రాగి వల్ల. ఈ సంగతి మా వాట్సాప్ గ్రూపులో చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

ఇక ఆ రాత్రి సంగతి. చీకటి పడ్డాక క్లోరిన్ కొలిచి, తెల్లారి ఎండ తగలకముందే మళ్ళీ కొలవాలి. రాత్రి ఎండ లేదు, ఈదేవాళ్ళు లేరు. అయినా 1 పీపీఎం (లీటరుకి ఒక మిల్లీగ్రాము) కంటే ఎక్కువ తగ్గిందంటే నీళ్ళలో బతికున్నదేదో తింటోందన్నమాట. తగ్గకపోతే దొంగ సూర్యుడే. దీనికి పసుపు రంగు వచ్చే చుక్కల కిట్ వాడకండి. అది పనిచేసే క్లోరిన్‌నీ, చెమటతో ఉచ్చతో కలిసి చచ్చిన క్లోరిన్‌నీ కలిపి చూపిస్తుంది. గులాబీ రంగు వచ్చే డీపీడీ మాత్ర కొనండి.

మా పూల్‌లో రాత్రి ఎనిమిదిన్నరకి క్లోరిన్ 4 పీపీఎం. పూల్ చూసే అబ్బాయిది చింతామణి దగ్గర పల్లె, తెలుగువాడే. సెక్యూరిటీ క్యాబిన్‌లో పడుకున్నాడు. తెల్లవారుజామున ఐదున్నరకి ఇద్దరం టార్చి వేసుకుని చూస్తే 1.5. నేను గొట్టాన్ని ఇంకా వెలుతురుకి పట్టి చూస్తూనే ఉన్నాను, ఆ అబ్బాయి "బల్బు ఎనక చూసేదా సార్?" అన్నాడు. మెయిన్ ఆపాం. గట్టు మీద బోర్లా పడుకుని నీళ్ళలో చెయ్యి పెట్టి, పైనున్న ఒకే ఒక్క స్క్రూ విప్పి పూల్ గోడలోని బల్బుని బయటికి లాగాడు. అది కూర్చునే గూడు నిండా పాలకూర రుబ్బి కూరినట్టు పాచి. నిచ్చెన మెట్ల కిందా అదే. బ్రష్ ఏనాడూ ఆ చోట్లకి పోలేదు.

మరి 4 క్లోరిన్ ఉన్నా పాచి ఎలా పెరిగింది? దీనికి జవాబు టీసీసీఏలోనే ఉంది. అందులో క్లోరిన్‌తో పాటు సయన్యూరిక్ యాసిడ్ ఉంటుంది. పూల్ వాళ్ళు స్టెబిలైజర్ అంటారు. 30, 50 పీపీఎంల మధ్య ఉంటే మంచిదే, ఎండకి క్లోరిన్ ఎగిరిపోకుండా పట్టుకుంటుంది. అసలు లేకపోతే మిట్టమధ్యాహ్నం ఎండ రెండు గంటల్లో క్లోరిన్‌ని దాదాపు ఖాళీ చేస్తుంది. మీరు బ్లీచింగో లిక్విడ్ క్లోరినో మాత్రమే వేస్తూ ఉంటే మీ జబ్బు అదే కావచ్చు. మా జబ్బు దానికి పూర్తిగా వ్యతిరేకం, స్టెబిలైజర్ ఎక్కువైపోవడం. రోజూ 300 గ్రాములంటే మా నీళ్ళలో రోజుకి దాదాపు 2 పీపీఎం స్టెబిలైజర్ చేరుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది కాదు. రెండు నెలల్లో ఎంతవుతుందో మీరే వేసుకోండి.

స్టెబిలైజర్ కొలిచాం. గొట్టం అడుగున నల్ల చుక్క ఉంటుంది, మందు కలిపిన తెల్లటి నీళ్ళు పోస్తూ చుక్క ఎక్కడ మాయమవుతుందో చూడాలి. మాది కొంచెం పోయగానే మాయం, అంటే స్టెబిలైజర్ గొట్టం కొలతకి అందనంత ఎక్కువ. సగం మామూలు నీళ్ళు కలిపి మళ్ళీ చేస్తే 60, అంటే అసలు 120. స్టెబిలైజర్ ఎక్కువయ్యేకొద్దీ క్లోరిన్‌ని పనిచేయనివ్వకుండా పట్టేసుకుంటుంది. అందుకే స్టెబిలైజర్ ఎంతుందో ఆ అంకెలో కనీసం ఏడెనిమిది శాతమైనా క్లోరిన్ ఉండాలి. 120కి 9 కావాలి, మేం 4 పెట్టుకుని మురిసిపోతున్నాం.

పప్పులో ఉప్పు ఎక్కువైతే ఏం చేస్తాం? నీళ్ళు పోస్తాం. దీనికీ అంతే, ఏ డబ్బా మందూ లేదు. వానలు పడ్డాక సగం నీళ్ళు తీసి పార్కింగ్ కడగడానికి, టాయిలెట్ ఫ్లష్ ట్యాంకుకి వాడి, 12,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు పోయించాం. 12,000 లీటర్లకి 5 కిలోమీటర్ల లోపు 1,000 రూపాయలని ఆ మార్చిలో రేటు కట్టారు కదా, మా గేటు దగ్గరికొచ్చే డ్రైవర్‌కి ఆ కాగితం సంగతే తెలీదట. పోనీండి, ఆ ఏడుపు వేరే.

తర్వాత టీసీసీఏ పక్కన పెట్టి లిక్విడ్ క్లోరిన్. పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2కి దించి, పొద్దు గూకాక వేసి, క్లోరిన్‌ని 24 దాకా పెంచి అక్కడే నిలిపాం. అంత ఎక్కువ ఉన్నప్పుడు గులాబీ రంగు వెలిసిపోయి క్లోరిన్ లేనట్టే కనిపిస్తుంది, మామూలు నీళ్ళు కలిపి పలచన చేసి కొలవండి. రోజూ రెండుపూటలా గోడలు రుద్దడం, ఫిల్టర్ బ్యాక్‌వాష్, మోటార్ రాత్రింబవళ్ళు. పూల్‌కి తాళం. "పిల్లల సెలవులు పాడుచేశారు" అని నా మీద మెసేజీలు. ఆరో రోజు పొద్దున గట్టు మీద నిలబడి అడుగున డ్రెయిన్ మూత స్క్రూలు లెక్కపెట్టాను. ఆ రాత్రి తగ్గింది అర పీపీఎం. క్లోరిన్ మామూలు స్థాయికి దిగాకే తాళం తీశాం.

ఒక్క జాగ్రత్త: టీసీసీఏ వాడిన బకెట్‌లో, మగ్గులో బ్లీచింగ్ పౌడర్ గానీ లిక్విడ్ గానీ పోయకండి. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది, మంటలు లేచి పేలవచ్చు కూడా. పీహెచ్ దించే యాసిడ్ కూడా వేరే గదిలో పెట్టించండి.

మీ పూల్ ఎన్ని లీటర్లో, రోజూ ఏ మందు ఎంత వేస్తున్నారో రాస్తే లెక్క నేనే వేసి పెడతాను. ఈలోపు బల్బు వెనక చూడండి, మెయిన్ ఆపి.