లేసు టాపులు కుట్టించాలనుకుంటున్న సౌజన్యకు

చి. సౌజన్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన స్కెచ్‌లు చూశాను. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి గానీ, ఏ నూలు, ఏ నంబరు సూది, ఒక్కో పువ్వుకి ఎంతసేపు పడుతుంది అన్నవి ఎక్కడా రాయలేదేం? నర్సాపురం లేసుతో బట్టలు చెయ్యాలంటే ముందు కావలసినవి అవే.

డిజైన్ల కోసం ఫోన్‌లో విదేశీ ఫొటోలు తిరగెయ్యకు. ఈ పని మనకి 1844లో స్కాట్లాండ్ మిషనరీలు నేర్పిందే, ఆ నమూనాలు వాళ్ల దగ్గర బోలెడున్నాయి. మీ అమ్మ ముగ్గుల పుస్తకం తియ్యి. గీతల ముగ్గుని గళ్ల కాగితం మీద వేసి, గీత పడ్డ గడి నింపు, మిగతాది ఖాళీగా వదిలెయ్. గళ్ల అల్లికకి అదే నమూనా. మెలికల ముగ్గు జోలికి మాత్రం పోకు, వంపులన్నీ మెట్లుమెట్లుగా వస్తాయి. గుండ్రటి పువ్వుది వేరే లెక్క. పొట్టి కుట్టయితే (సింగిల్ క్రోషే అంటారే, అది) ఆరుతో మొదలెట్టి, వరసకి ఆరు పెంచుకుంటూ పోతే చదునుగా ఉంటుంది. తక్కువ పెంచితే గిన్నెలా లేస్తుంది, ఎక్కువైతే కుచ్చులు పడుతుంది. ఆ కుచ్చు చేతుల అంచుకి భలే ఉంటుందిలే.

నూలు పత్తిదే తీసుకో. యాక్రిలిక్ చవకా, తేలికా, నిజమే. కానీ అది ప్లాస్టిక్ పోగు. ఉతికినప్పుడల్లా సన్నటి పీచు నీళ్లలో కలుస్తుంది, మన ఎండలకి ఒళ్లు ఉడికిపోతుంది. పత్తేమీ పుణ్యాత్మురాలు కాదు, పంటకి నీళ్లూ మందులూ పడతాయి. పైగా అల్లిన టాపు తన బరువుకి తనే సాగుతుంది. భుజాల దగ్గర బిగువుగా అల్లించు, హ్యాంగరుకి తగిలించకుండా మడతపెట్టమని లేబుల్ మీద రాయించు. రంగు నూలు కొంటే మొత్తానికీ ఒకే లాటు, అంటే ఒకే విడతలో రంగు వేసింది కొను, లేదంటే అతుకు దగ్గర తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

విడివిడి పువ్వులు అల్లి అతుకుపని చేయించే డిజైన్లే నాకు ఇష్టం. కత్తిరింపు ముక్కలుండవు. ఒక పువ్వు చిరిగితే దాన్నే విప్పి కొత్తది అతకొచ్చు. అలాంటి టాపు ఏళ్లపాటు వేసుకుంటారు.

ఇక కూలి సంగతి. అసలు ఈ కొక్కెం సూది అల్లికని, అదే క్రోషేని, అచ్చంగా అల్లే మిషను బజారులో దొరకదు, ప్రతి కుట్టూ ఒక ఆడమనిషి చేతిదే. ఇంటిపట్టున తీరిక వేళల్లో చేసే పనేగా అని పేరుపెట్టి వాళ్లకి ఎంత తక్కువ ముట్టజెబుతారో 1982లోనే జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ మన నర్సాపురం లేసు ఆడవాళ్ల మీద పుస్తకంగా రాసింది. 2024లో మన లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు సరుకేనన్న ముద్ర, వచ్చింది, సంతోషమే, అంతమాత్రాన కూలి దానంతటది పెరగదు. నూలు ఉండకి ఇంత అని కాదు, గంటకి ఇంత అని లెక్కకట్టు. అల్లడానికి పట్టే గంటలకి సరిపడా ధర పలకదనిపిస్తే పువ్వులు తగ్గించు, కూలి తగ్గించకు.

ఈలోగా ఒక్క పువ్వు నువ్వే గడియారం పెట్టుకుని అల్లు. ఉతకకముందు, ఉతికి ఆరబెట్టాక కొలిచి, రెండు కొలతలూ పట్టిన సమయంతో సహా నాకు పంపు. టాపు సైజుల సంగతి అవి చూశాకే మాట్లాడుకుందాం.

నీ పెద్దమ్మ